ఉమ్మిలో, ముక్కులో ఐజీఏ కొలవడం ఎలా? ముందు నీళ్ళ లెక్క తేల్చుకోండి

పల్లెలో పాలకేంద్రం దగ్గర నిలబడినవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. రైతు ఎన్ని లీటర్లు తెచ్చాడన్నది ఒక్కటే చూసి డబ్బు ఇవ్వరు. కొంచెం పాలు తీసి వెన్న శాతం చూస్తారు, దాన్ని బట్టి రేటు కడతారు. ముక్కులో, నోట్లో ఉండే ఐజీఏ అనే రకం యాంటీబాడీలను కొలవడం కూడా ఇలాంటిదే. ప్లేటులో వచ్చే రంగును బట్టి యాంటీబాడీని కొలిచే ఎలైజా పరీక్ష చేయడం రెండు రోజుల పని, నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. మీ ట్యూబులోకి వచ్చిన ఉమ్మిలో నీళ్ళెన్ని, అసలు సరుకెంత అని తేల్చడమే కష్టం. చాలామంది అక్కడే బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

మైక్రోబయాలజీలోనో బయోటెక్నాలజీలోనో ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్ళను, ఎలైజా ఒకటి రెండుసార్లు చేసినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణకు కొవిడ్ వైరస్ పైన ముళ్ళలా ఉండే స్పైక్ ప్రొటీన్‌ను తీసుకుంటున్నాను. ఫ్లూ అయినా, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్ అయినా దారి ఇదే, ప్లేటుకు పూసే యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే వైరస్ ప్రొటీన్) మారుతుంది అంతే.

రక్తం ఉండగా ఉమ్మి ఎందుకు?

రక్తంలో ఎక్కువగా ఉండేది ఐజీజీ రకం యాంటీబాడీ. ముక్కు, నోటి లోపలి తడి పొర మీద కాపలా కాసేది ఎక్కువగా ఐజీఏ. అదీ రక్తంలో తిరిగే ఐజీఏ కాదు. పొర కింద ఉన్న, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు రెండు ఐజీఏలను జె గొలుసు అనే చిన్న ప్రొటీన్‌తో జతకట్టి వదులుతాయి. పొర కణాల మీద ఉండే ఒక రిసెప్టర్ ఆ జంటను మోసుకొచ్చి అవతలి వైపు దింపుతుంది. దింపేటప్పుడు రిసెప్టర్ తెగి, దానిలో ఒక ముక్క ఐజీఏకే అంటుకుని ఉండిపోతుంది. ఆ ముక్కను సెక్రీటరీ కాంపొనెంట్ అంటారు. బస్సు దిగినవాడి జేబులో టికెట్టు మిగిలినట్టు, ఇది పొర దాటి వచ్చిన ఐజీఏ అని చెప్పే గుర్తు అదే. కింద మళ్ళీ దీని పని పడుతుంది, గుర్తుంచుకోండి.

చేతికి వేసే టీకా రక్తంలో ఐజీజీని బాగా పెంచుతుంది, ముక్కులో ఐజీఏ సంగతి అలా కాదు. బ్రిటన్‌లో కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళను ఏడాదిపాటు చూసిన అధ్యయనంలో ముక్కు ఐజీఏ సుమారు 9 నెలలకు తగ్గిపోయింది. ఆ తర్వాత టీకా వేసుకున్నా అది పెద్దగా పెరగలేదు. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన ముక్కు చుక్కల టీకా ఇన్‌కోవాక్‌కు 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న దాన్ని విడుదల చేశారు. ఒక్కో ముక్కు రంధ్రంలో నాలుగేసి చుక్కలు. అలాంటి టీకా పనితీరును రక్తం ఒక్కటే చూసి తేల్చడమంటే, వంటింట్లో ఏం వండారో తెలుసుకోవడానికి వీధి గుమ్మం దగ్గర నిలబడి వాసన చూడటమే.

మొదటి మెట్టు: ఏం అడుగుతున్నారో రాసుకోండి

పిపెట్ పట్టుకోకముందే నోటుబుక్కులో ఒక వాక్యం రాయండి. మీ ప్రశ్న ‘టీకా తర్వాత ముక్కులో స్పైక్ ఐజీఏ పెరిగిందా?’ అన్నదైతే, టీకాకు ముందు తీసిన నమూనా లేకుండా దానికి జవాబు రాదు. తర్వాత తీసిన నమూనాలు వంద ఉన్నా ముందు తీసినది లేకపోతే పని సగమే. మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, పాల్గొనేవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం, ఈ రెండూ చేతికి వచ్చాకే నమూనాలు తీయాలి. సమ్మతి పత్రంలో ‘ఈ ఫలితం చూసి మీకు రక్షణ ఉందో లేదో చెప్పలేం’ అని స్పష్టంగా రాయండి. ఇంత ఐజీఏ ఉంటే జబ్బు రాదు అని చెప్పే గీత ఏదీ ఇంతవరకు ఖాయం కాలేదు. అయినా జనం అడుగుతారు. మా పక్కింటి పెద్దాయన శాంపిల్ ఇచ్చి, ‘ఏమ్మా, నాకు ఇంక మాస్కు అక్కర్లేదా?’ అని వారం రోజులు అడిగారు.

రెండో మెట్టు: నమూనా తీయడం

ఇక్కడ నిదానంగా వెళ్దాం. ఈ మెట్టులో చేసిన తప్పును తర్వాత ఏ మెషీనూ సరిదిద్దలేదు.

ఉమ్మి తీయడం తేలిక. తినడం, తాగడం, పళ్ళు తోముకోవడం అయ్యాక కనీసం గంట ఆగమనండి. వక్క, గుట్కా, పాన్ అలవాటు ఉందేమో మొహమాటపడకుండా అడిగి రాసుకోండి. నమూనాకు పది నిమిషాల ముందు మంచినీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయాలి. తర్వాత తల కొంచెం ముందుకు వంచి, నోట్లో ఊరినదాన్ని ట్యూబులోకి దానంతట అదే జారనివ్వాలి. ఖాండ్రించి ఉమ్మకూడదు, అలా చేస్తే గొంతులోని కఫం వస్తుంది. ఖాళీ ట్యూబును ముందే తూచిపెట్టుకోండి. స్టాప్‌వాచ్ పెట్టి సరిగ్గా 4 నిమిషాలు సేకరించి మళ్ళీ తూచండి. ఒక గ్రామును ఒక మిల్లీలీటరు అనుకోవచ్చు. ఈ తూకం ఎందుకో లెక్కల దగ్గర చెబుతాను.

దూది చుట్ట నమిలించి ఉమ్మి తీసే పద్ధతి ఒకటుంది. హార్మోన్ పరీక్షలకు దాన్ని వాడతారు. ఐజీఏకు మాత్రం వద్దు. దూది కొంత ఐజీఏను తనలోనే ఉంచేసుకుంటుంది, విలువ తక్కువ వస్తుంది. నమలడంతో ఉమ్మి ఎక్కువగా ఊరి పలచబడుతుంది కూడా.

వేళ కూడా ముఖ్యమే. ఉమ్మిలో ఐజీఏ పొద్దున్నే ఎక్కువగా ఉండి, పగలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మొదటి నమూనా ఉదయం 8 గంటలకు, రెండోది మధ్యాహ్నం 3కి తీస్తే టీకా ఐజీఏను తగ్గించిందన్న వింత ఫలితం వస్తుంది. ఒకే మనిషికి ప్రతిసారీ ఒకే వేళ పాటించండి.

ఉమ్మిలో లేత ఎరుపు కనిపిస్తే పక్కన పెట్టేయండి. చిగుళ్ళ నుంచి రక్తం కలిస్తే రక్తంలోని ఐజీజీ, ఐజీఏ రెండూ వచ్చి పడతాయి. కంటికి కనిపించనంత రక్తం కూడా కలిసి ఉండొచ్చు. అనుమానం ఉంటే రక్తంలో ఉండే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే కిట్‌తో చూడవచ్చు. చిగుళ్ళ సందుల్లోంచి ఊరే ద్రవంతో ఎలాగూ కొంత ఐజీజీ ఉమ్మిలోకి వస్తూనే ఉంటుంది. అందుకే ఉమ్మిలో కనిపించే ఐజీజీని ‘శ్లేష్మపొర స్పందన’ అని రాయకండి, అది చాలావరకు రక్తం నుంచి వచ్చినదే.

ముక్కుకు రెండు దారులు. ఒకటి సెలైన్‌తో కడగడం. తల వెనక్కి వంచి, మింగకుండా ఉండమని, ఒక్కో రంధ్రంలో 5 మిల్లీలీటర్ల సెలైన్ పోసి, కొన్ని సెకన్ల తర్వాత ముందుకు వంచి కప్పులోకి వదిలించాలి. పోసినంతా తిరిగి రాదు. ఒకరి దగ్గర 4 మిల్లీలీటర్లు వస్తే ఇంకొకరు సగం మింగేస్తారు. పలుచన ఎంతైందో ఎవరికీ తెలియదు. రెండోది పీల్చుకునే పట్టీ. సన్నటి పట్టీని రంధ్రంలోకి పోనిచ్చి, పైనుంచి వేలితో ముక్కు పక్కను మెల్లగా నొక్కి 60 సెకన్లు ఉంచాలి. నీళ్ళు కలపనక్కర్లేదు కాబట్టి నాకు ఇదే ఇష్టం. ధర మాత్రం ఎక్కువ. పట్టీని కూడా ముందూ వెనకా తూచితే ఎంత ద్రవం పీల్చిందో తెలుస్తుంది. కొవిడ్ రోజుల్లో అందరికీ అలవాటైన స్వాబ్ మూడో దారి. కానీ అందులో ఎంత ద్రవం వచ్చిందో ఊహించడమే, ఒకరు గట్టిగా తిప్పుతారు, ఒకరు తాకించి తీసేస్తారు. వేరే దారి లేకపోతే సరే, లేదంటే స్వాబ్ మీద ఆధారపడకండి.

మూడో మెట్టు: ల్యాబుకు తెచ్చాక

నమూనాను ఐస్‌లో పెట్టి తెండి. నోట్లో, ముక్కులో ఉండే కొన్ని బాక్టీరియాలు ఐజీఏలో ఒక రకమైన ఐజీఏ1 మెడను కత్తిరించే ఎంజైములు వదులుతాయి. న్యుమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా ఈ పనిలో దిట్టలు. మే నెల ఎండలో ఆటోలో గంటసేపు తెచ్చిన నమూనాకు జవాబు వచ్చినా దాన్ని నమ్మలేం. రాగానే ప్రొటీన్లను కోసే ఎంజైములను ఆపే ప్రొటియేజ్ ఇన్హిబిటర్ కలిపి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జి బలంతో 10 నిమిషాలు తిప్పండి. పైన తేరుకున్న ద్రవాన్ని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. మళ్ళీ మళ్ళీ కరిగించి గడ్డకట్టించే అవసరం రాకూడదనే ఈ పంపకం. కరిగించిన రోజు మరోసారి తిప్పాలి, ఎందుకంటే గడ్డకట్టినప్పుడు జిగురు ముద్దలు కడుతుంది. ఈ పనంతా బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయండి. నమూనాలో బతికున్న వైరస్ ఉందనే అనుకోవాలి.

నాలుగో మెట్టు: ప్లేటు

మొదటి సాయంత్రం 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేటుకు స్పైక్ ప్రొటీన్ పూయాలి. పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో మిల్లీలీటరుకు 1 నుంచి 2 మైక్రోగ్రాములు, వెల్‌కు 100 మైక్రోలీటర్లు, రాత్రంతా 4 డిగ్రీలు. అదే సమయంలో ఇంకో ప్లేటుకు స్పైక్ లేకుండా ఉత్త బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసిన అల్బుమిన్ ప్రొటీన్) పూయండి. రెండో ప్లేటు దండగ అని అందరూ అంటారు, మా ల్యాబులోనూ అన్నారు. కానీ ఉమ్మిలోని ఐజీఏకు దేనికి పడితే దానికి కొద్దిగా అంటుకునే గుణం ఉంది. ఆ అంటుకునేదాన్ని తీసేయకపోతే కొవిడ్ రానివాళ్ళందరికీ కొవిడ్ వచ్చినట్టే కనిపిస్తుంది.

మర్నాడు 0.05 శాతం ట్వీన్ అనే డిటర్జెంట్ కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు కడిగి, 2 శాతం బీఎస్‌ఏతో గంటన్నర బ్లాక్ చేయండి, అంటే ప్లేటులో మిగిలిన ఖాళీ చోటు మూసేయండి. పాలపొడి చవకే, కానీ అందులో ఆవు యాంటీబాడీలు ఉంటాయి. మనిషి ఐజీఏను పట్టుకోవాల్సిన మీ డిటెక్షన్ యాంటీబాడీ వాటినీ పట్టుకుంటే బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది.

ఇప్పుడు నమూనాలు. ఉమ్మిని 5 రెట్ల పలుచనతో మొదలుపెట్టి, అక్కడి నుంచి రెట్టింపు చేసుకుంటూ 10, 20, 40 దాకా వెళ్ళండి. ఒక్కో పలుచన రెండు వెల్స్‌లో. అంటే ఒక నమూనాకు 8 వెల్స్, ప్లేటులో సరిగ్గా ఒక నిలువు వరుస. మొదటి రెండు వరుసలు స్టాండర్డుకు (విలువ ముందే తెలిసిన నమూనా), మూడోది పాజిటివ్, నెగటివ్ కంట్రోళ్ళకు, బ్లాంక్‌కు. మిగిలిన 9 వరుసల్లో 9 నమూనాలు, అంటే ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి మూడు తేదీలు. ఒకే మనిషి నమూనాలన్నీ ఒకే ప్లేటులో ఉండాలి. ముందుది సోమవారం ప్లేటులో, తర్వాతది గురువారం ప్లేటులో పెడితే మీరు కొలిచేది టీకాను కాదు, సోమవారానికీ గురువారానికీ ఉన్న తేడాను.

గది వేడిమిలో రెండు గంటలు ఉంచి, ఈసారి ఐదుసార్లు కడగండి. ఉమ్మిలో సహజంగానే పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. కడగడం సరిగా లేకపోతే, చివర్లో రంగు కోసం వేసే టీఎంబీ అనే రసాయనాన్ని అదే నీలం చేసేస్తుంది. డిటెక్షన్ యాంటీబాడీ వేయకుండా నమూనా మాత్రం ఉన్న వెల్ ఒకటి పెడితే ఈ దొంగ దొరుకుతాడు.

డిటెక్షన్‌కు రెండు దారులు. టీఎంబీకి రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైము కలిపిన యాంటీ ఐజీఏ (ఐజీఏను పట్టుకునే యాంటీబాడీ) వేస్తే రక్తం నుంచి కారిన ఐజీఏ, పొర దాటిన ఐజీఏ రెండూ కలిసి కనిపిస్తాయి. సెక్రీటరీ కాంపొనెంట్‌ను పట్టే యాంటీబాడీ వేస్తే జేబులో టికెట్టు ఉన్నవే కనిపిస్తాయి. ఒక చిన్న తిరకాసు ఉంది, పొర దాటి వచ్చే సెక్రీటరీ ఐజీఎం అనే మరో రకం యాంటీబాడీకి కూడా అదే టికెట్టు ఉంటుంది. వీలైతే రెండూ చేయండి. ఒక్కటే చేయగలిగితే ముక్కు టీకా ప్రశ్నకు రెండోదే మేలు.

టీఎంబీ వేసి 10 నుంచి 15 నిమిషాలు, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో ఆపి, 450 నానోమీటర్ల దగ్గర చదవండి. ఆపే సమయం ప్రతి ప్లేటుకూ ఒకటే ఉండాలి.

ఒకసారి నా ప్లేటు మొత్తం తెల్లగా ఉండిపోయింది. స్టాండర్డ్ కూడా రంగు పట్టలేదు. సాయంత్రం దాకా టెన్షన్. చివరికి చూస్తే, బఫర్ పాడవకుండా ఎవరో సోడియం అజైడ్ కలిపి సీసా మీద రాయలేదు. అజైడ్ హెచ్‌ఆర్‌పీని పనిచేయనివ్వదు. అప్పటి నుంచి నా బఫర్ నేనే కలుపుకుంటున్నాను, సీసా మీద తేదీ కూడా రాస్తున్నాను.

ఇంకో మాట. టీకా వేసుకున్నవాళ్ళ నమూనాల్లో స్పైక్ ఐజీజీ చాలా ఎక్కువగా ఉంటుంది. అది ముందే ప్లేటు మీద చోటంతా ఆక్రమించి ఐజీఏకు చోటివ్వదు, దాంతో ఐజీఏ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. సంక్రాంతి రద్దీలో రిజర్వేషన్ లేనివాడి పరిస్థితి. కొన్ని నమూనాలను ఐజీజీని పట్టుకునే ప్రొటీన్ జి పూసలతో కలిపి ఐజీజీని తీసేసి మళ్ళీ చేసి చూడండి. ఐజీఏ విలువ బాగా పెరిగితే అన్నింటికీ అలాగే చేయక తప్పదు.

ఐదో మెట్టు: నీళ్ళ లెక్క

ఇప్పుడు పాలకేంద్రం దగ్గరకు మళ్ళీ వద్దాం. ఇంకో ప్లేటులో అదే నమూనాలోని మొత్తం ఐజీఏను కొలవండి. యాంటీ ఐజీఏ పూసిన ప్లేటు, మనిషి ముర్రుపాల నుంచి శుద్ధిచేసిన సెక్రీటరీ ఐజీఏ స్టాండర్డుగా వాడాలి. రక్తం ఐజీఏను స్టాండర్డుగా పెట్టకండి. అందులో ఎక్కువ భాగం ఒంటరి ఐజీఏ, జంటతో పోల్చడానికి పనికిరాదు. నమూనాను ఇక్కడ వేల రెట్లు పలుచన చేయాల్సి వస్తుంది, ఎందుకంటే మామూలు ఉమ్మిలో మిల్లీలీటరుకు వంద మైక్రోగ్రాములకు పైనే మొత్తం ఐజీఏ ఉండటం మామూలే.

ఒక ఉదాహరణ. రమణమ్మ గారి ఉమ్మిలో స్పైక్ ఐజీఏ 40 యూనిట్లు, మొత్తం ఐజీఏ 100 మైక్రోగ్రాములు అనుకుందాం. సుధాకర్ ఉమ్మిలో స్పైక్ ఐజీఏ 60, మొత్తం 300. ఉత్త అంకెలు చూస్తే సుధాకర్‌ది ఎక్కువ. మొత్తంతో భాగిస్తే రమణమ్మ గారికి 0.4, సుధాకర్‌కు 0.2. సుధాకర్ ఆ పూట నీళ్ళు సరిగా తాగక ఉమ్మి చిక్కగా ఉంది, అంతే. ముక్కు కడిగిన నీళ్ళలో ఈ తేడా ఇంకా ఎక్కువగా ఉంటుంది.

ఉమ్మికి ఇంకో లెక్క కూడా చేయండి. ఉమ్మి వేగంగా ఊరితే ఐజీఏ పలచబడుతుంది. అందుకే తూకం తీయమన్నది. 4 నిమిషాల్లో 2 మిల్లీలీటర్లు వస్తే నిమిషానికి 0.5. మిల్లీలీటరుకు 150 మైక్రోగ్రాముల ఐజీఏ ఉంటే నిమిషానికి 75 మైక్రోగ్రాములు ఊరుతున్నట్టు. ఈ అంకె, పై నిష్పత్తి రెండూ ఒకే వైపు చూపిస్తే ధైర్యంగా రాయవచ్చు.

సెలైన్‌తో కడిగిన నమూనాకు యూరియా లెక్క ఉంది. యూరియా చిన్న అణువు, రక్తంలో ఎంత ఉంటుందో పొర మీది ద్రవంలోనూ దాదాపు అంతే ఉంటుంది. రక్తంలో డెసిలీటరుకు 30 మిల్లీగ్రాములు, కడిగిన నీళ్ళలో 1.5 ఉంటే 20 రెట్లు పలచబడిందన్నమాట. అదే సమయంలో రక్తం కూడా తీయాలి. సెలైన్‌ను లోపల ఎక్కువసేపు ఉంచితే యూరియా ఇంకా ఇంకా కారి లెక్క తప్పుతుంది, కాబట్టి త్వరగా బయటికి తీయాలి. వాపు ఉన్న ముక్కులో రక్తంలోని ప్రొటీన్ అయిన అల్బుమిన్ కూడా కొలిస్తే రక్తం ఎంత కారిందో పట్టుకోవచ్చు.

ఆరో మెట్టు: ఎక్కడ గీత గీయాలి

ముందు స్పైక్ ప్లేటు ఓడీ (మెషీన్ చదివిన రంగు చిక్కదనం) లోంచి బీఎస్‌ఏ ప్లేటు ఓడీని తీసేయండి. నెగటివ్‌కు కొవిడ్ రాకముందు, అంటే 2019 లేదా అంతకు ముందు దాచిన ఉమ్మి దొరికితే అదృష్టం. వాటి సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్లు కలిపి గీత గీయడం వాడుక. జలుబు తెచ్చే పాత కరోనా వైరస్‌లు, ఓసీ43, హెచ్‌కేయూ1 వంటివి, మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. వాటి ఐజీఏ కొంత స్పైక్‌కు కూడా అంటుకుంటుంది, కాబట్టి నెగటివ్‌లు సున్నా ఉండవు. పాత నమూనాలు దొరకకపోతే గీత గీయడం మానేసి, ఒకే మనిషిలో ముందుకూ తర్వాతకూ ఎన్ని రెట్లు మారిందో చెప్పండి. నా దృష్టిలో అదే నిజాయితీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి కొవిడ్ యాంటీబాడీ ప్రామాణికం (ల్యాబులు తమ కొలతలు పోల్చుకునే నమూనా) 20/136 కోలుకున్నవాళ్ళ ప్లాస్మాతో చేసినది. దాని యూనిట్లను ఉమ్మి ఐజీఏకు తగిలించేముందు ఆలోచించండి. రోజూ వాడటానికి మీ దగ్గరే కోలుకున్నవాళ్ళ ఉమ్మిని కలిపి ఒక పూల్ తయారుచేసి, దానికి 1000 స్థానిక యూనిట్లు అని పేరు పెట్టుకుంటే ప్లేటుకూ ప్లేటుకూ పోల్చుకోవచ్చు. పూల్ అయిపోకముందే కొత్త పూల్‌ను పాతదానితో కలిపి కొలవండి.

ఏడో మెట్టు: అంటుకోవడం వేరు, ఆపడం వేరు

ఎలైజా అంటుకుందని చెబుతుంది, వైరస్‌ను ఆపిందో లేదో చెప్పదు. ఆపిందో లేదో బతికున్న కొవిడ్ వైరస్‌తో చూడాలంటే గట్టి భద్రత ఉన్న బీఎస్‌ఎల్-3 ల్యాబు కావాలి. సూడోవైరస్‌తో, అంటే స్పైక్ తగిలించిన, జబ్బు తేలేని నకిలీ వైరస్‌తో, ఒక మెట్టు తక్కువ భద్రత ఉన్న బీఎస్‌ఎల్-2లోనే చేయవచ్చు. అయితే ఉమ్మిలో యాంటీబాడీ లేకపోయినా అందులోని మ్యూసిన్లు, లాక్టోఫెర్రిన్ వంటి ప్రొటీన్లు వైరస్‌ను కొంత ఆపుతాయి, పరీక్షకు వాడే కణాలను ఉమ్మి చంపేయవచ్చు కూడా. అందుకే ప్రతి నమూనాకూ వైరస్ లేని కణాల వెల్ ఒకటి, సంబంధం లేని మరో సూడోవైరస్‌తో ఒకటి పెట్టండి. రెండో దాన్ని కూడా ఆపేస్తే ఆ ఫలితం యాంటీబాడీది కాదు. ఫ్లూకు హీమాగ్లుటినేషన్ ఇన్హిబిషన్ (వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించకుండా యాంటీబాడీ ఆపుతుందా అని చూసే పరీక్ష) చేసేవాళ్ళయితే నమూనాను ముందు సియాలిక్ ఆసిడ్ అనే చక్కెరను తీసేసే ఆర్‌డీఈ ఎంజైముతో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, తర్వాత 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేయాలి. లేకపోతే ఉమ్మిలోని సియాలిక్ ఆసిడే వైరస్‌ను పట్టేసి, యాంటీబాడీ పనిచేసినట్టు నాటకమాడుతుంది.

రిపోర్టులో ఒక్కో నమూనా పక్కన ఇవి రాయండి: తీసిన తేదీ, వేళ, పద్ధతి, ట్యూబు తూకం, సేకరించిన నిమిషాలు, చివరి జలుబు ఎప్పుడు వచ్చింది, స్పైక్ ఐజీఏ, మొత్తం ఐజీఏ, రెండింటి నిష్పత్తి, ఎన్నోసారి కరిగించారు. ఉమ్మి లేత ఎరుపుగా ఉందా అన్నదానికి వేరే గడి పెట్టండి. నా మొదటి షీటులో ఆ గడి లేదు. పదకొండు నమూనాలు పారేయాల్సి వచ్చింది.